గురి తప్పడానికి గట్టి సలహాలు

కళ్లజోడు పెట్టుకున్న విలుకాడు మన కథల్లో ఎక్కడా లేడు. రాముడికి లేదు, అర్జునుడికి లేదు. కర్ణుడికి పుట్టుకతోనే కవచకుండలాలు ఇచ్చారు గాని జోడు ఇవ్వలేదు. భీష్ముడంతటి తాతగారు కూడా చత్వారం మాటెత్తకుండా పది రోజులు యుద్ధం నడిపాడు. కనక పవరున్న మనిషి వెదురు విల్లు పుచ్చుకుని మైదానంలోకి రావడమే పెద్ద దుస్సాహసం. ఎటూ వచ్చారు కాబట్టి నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను. అడక్కపోయినా చెబుతాను, అది నా అలవాటు.

అన్నిటికంటే ముందు ఆ జోడు తీసెయ్యండి.

ఈ మాటకి నా దగ్గర తిరుగులేని సాక్ష్యం ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్ ర్యాంకింగ్ రౌండ్‌లో దక్షిణ కొరియా ఆర్చర్ ఇమ్ డాంగ్-హ్యున్ 72 బాణాలు వేసి 720కి 699 పాయింట్లు తెచ్చుకున్నాడు. అప్పటికి అది ప్రపంచ రికార్డు. ఆయన ఎడమ కంటి చూపు 20/200 అని అప్పట్లో ప్రపంచమంతా పేపర్లలో రాశారు. అంటే చూపు బాగున్నవాడికి 200 అడుగుల నుంచి కనబడేదాన్ని ఈయన 20 అడుగుల దగ్గరికి వచ్చి చూసుకోవాలన్నమాట. అయినా జోడు పెట్టుకోకుండా 70 మీటర్ల దూరాన కొట్టాడు. గ్రౌండులో ఈ కథ చెబితే ఎదుటివాడు నోరెత్తడు. మీరు మాత్రం ఒక జాగ్రత్త తీసుకోండి. ఆయన విల్లుకి సైట్ పిన్ను ఉంటుందన్న సంగతి పొరపాటున కూడా బయటపెట్టకండి. పిన్ను తీసుకెళ్లి పసుపు రంగు మీద ఆనిస్తే ఆయనకి చాలు, ఆ పసుపు అంచులు అలుక్కుపోయినా పని జరిగిపోతుంది. మన విల్లుకి పిన్ను ఉండదు. కన్నూ, బాణం మొనా, చేతివాటం, ఇంతే సరంజామా. ఎవరైనా ఆ తేడా అడిగితే ఎండలు ముదిరాయని మాట మార్చండి.

ఒలింపిక్స్ దాకా ఎందుకంటారా, ద్రోణాచార్యులవారి పరీక్షే తీసుకోండి. చెట్టు మీద బొమ్మ పక్షిని పెట్టి ఏం కనిపిస్తోందని అడిగాడు. ధర్మరాజు చెట్టు కనిపిస్తోందన్నాడు, పక్షి కనిపిస్తోందన్నాడు, తమ్ముళ్లూ మీరూ కూడా కనిపిస్తున్నారన్నాడు. నిఖార్సైన 6/6 చూపు. ఆయన్ని పక్కకి పొమ్మన్నారు. చెట్టు కనబడనివాడికి, కొమ్మ కనబడనివాడికి, పక్కనున్న అన్నదమ్ములు కూడా కనబడనివాడికి మార్కులన్నీ వేశారు. ఎంత తక్కువ కనిపిస్తే అంత గొప్ప విలుకాడని ఇంతకంటే ఎవరు చెప్పాలి? బొత్తిగా ఏమీ కనిపించకపోతే శబ్దభేది విద్య ఉండనే ఉంది. దశరథ మహారాజు చీకట్లో నీళ్ల చప్పుడు విని వేసిన బాణం సూటిగా తగిలింది. తగిలింది ఏనుగుకి కాదన్నది తర్వాత తేలిన విషయం.

ఇంత చెప్పినా జోడుతోనే వేస్తానని మొండికేసేవాళ్లు ఉంటారు. వాళ్లకి ప్రోగ్రెసివ్ అద్దాలు సిఫారసు చేస్తున్నాను. షాపులో అన్నిటికంటే ఖరీదైనవి కావాలని అడగండి. పైనుంచి దూరం, మధ్యలోంచి కంప్యూటరు, కిందనుంచి పేపరు, అన్నీ ఒకే అద్దంలో. వీటి ప్రత్యేకత ఏమిటంటే నిటారుగా ఎదురుగా చూసినప్పుడే అన్నీ బాగుంటాయి, పక్క అంచుల్లోకి చూపు పోతే మసక. విలుకాడు ఎదురుగా నిలబడడు కదా! కుడిచేతివాటం మనిషి టార్గెట్టుకి ఎడమ భుజం పెట్టి, తల ఎడమకి తిప్పి చూస్తాడు. మెడ ఎంత తిప్పినా పూర్తిగా తిరగదు. మిగిలింది కన్ను తిరగాలి. అప్పుడు కుడి కన్ను చూసేది అద్దం నడిమధ్య నుంచి కాదు, ముక్కు పక్కనున్న మూలలోంచి, అదీ కాస్త పైనుంచి. ప్రోగ్రెసివ్ అద్దంలో మసక బేరం ఉండేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. ఇక ఫ్రేము సన్నగా, చిన్నగా ఉన్నది తీసుకుంటే అద్దం అంచు టార్గెట్టుని నిలువునా రెండుగా కోసి చూపిస్తుంది. ఒక డబ్బుకి రెండు టార్గెట్లు.

కొంతమంది ఈ విషయంలో అతి చేస్తారు. జోడు షాపుకెళ్లి, అక్కడ నలుగురూ చూస్తుండగా ఉత్త చేతుల్తోనే విల్లు లాగినట్టు నిలబడతారు. ఎడమ చెయ్యి చాపి, కుడి చెయ్యి దవడకి ఆనించి, తల తిప్పి, గోడ మీది క్యాలెండరుకేసి చూస్తారు. షాపతను స్కెచ్ పెన్ను తీసుకుని కనుపాప ఎక్కడ నిలిచిందో సరిగ్గా ఆ చోట అద్దం మీద చుక్క పెడతాడు. ఆ చుక్క దగ్గరే అద్దం మధ్యబిందువు పడేలా, దూరపు చూపు ఒక్కదానికే, పెద్ద ఫ్రేములో ఇంకో జోడు చేయించుకుంటారు. మైదానంలో అది, ఇంట్లో మామూలుది. చూడ్డానికి ఎంత నామోషీ! టీవీలో సీరియల్ చూడ్డానికి వేరే, బాణాలకి వేరే జోడా? మీరు అలాంటి పని చెయ్యకండి. షాపతనికి విల్లు ఊసే చెప్పకండి. ఉద్యోగం అడిగితే బ్యాంకు అనండి.

వీళ్లే లెక్కలు కూడా చెబుతారు, చెవులు మూసుకోండి. మైనస్ 4 అద్దం ఉందనుకోండి, కన్ను దాని మధ్యబిందువుకి ఒక సెంటీమీటరు పక్కనుంచి చూస్తోందనుకోండి. నాలుగుని ఒకటితో హెచ్చించాలట, 4 ప్రిజం డయాప్టర్లు. ఒక్కో ప్రిజం డయాప్టరుకి మీటరు దూరాన ఒక సెంటీమీటరు చొప్పున వస్తువు జరిగినట్టు కనిపిస్తుందట. ఇండోర్‌లో వేసే 18 మీటర్ల దూరానికి అది 72 సెంటీమీటర్లు. అక్కడ తగిలించే కాగితం వెడల్పే 40 సెంటీమీటర్లు, అందులో పది పాయింట్ల వలయం అడ్డకొలత 4. ఎప్పుడూ అద్దంలో అదే చోటు నుంచి చూస్తే ఇబ్బంది లేదట, మెదడూ చెయ్యీ సర్దుకుంటాయట. బాణం మొనని చూసుకుంటూ గురిపెట్టేవాడికి మొనా టార్గెట్టూ రెండూ కలిసే జరుగుతాయి కనక ఇంకా నయమట. మొనకేసి చూడకుండా చేతివాటం మీద వేసేవాడికి, చెమటకి జోడు రెండు మిల్లీమీటర్లు కిందికి జారితే చాలు, ఆ 18 మీటర్ల దగ్గర 14 సెంటీమీటర్ల పైచిలుకు తేడా కనిపిస్తుందట. ఇంటర్లో ఫిజిక్స్ ఎలాగో గట్టెక్కి బయటపడ్డాం. మళ్లీ ఆ రొంపిలోకి ఎందుకు?

జోడు జారడం గురించి అంటే గుర్తొచ్చింది. మే నెలలో బెజవాడ ఎండకి ముక్కు మీద జోడు నిలవదు. వెనకాల బిగించుకునే పట్టీ ఒకటి దొరుకుతుంది, చవకే. కట్టుకుంటే స్కూలు పిల్లాడిలా ఉంటాం. దానికి బదులు ప్రతి బాణానికీ ముందు తల కాస్త పైకెత్తండి. గడ్డం లేస్తుంది, జోడు వెనక్కి వాలుతుంది, ఫ్రేము కింద నుంచి సందు దొరుకుతుంది. సంప్రదాయ విల్లుకి వెనక సైటు అంటూ ఏదైనా ఉంటే అది కంటికీ బాణం తోకకీ మధ్య ఉన్న ఎడమే. వేలు పెదవి మూలకి ఆనించడం, పళ్లు కలిపి ఉంచడం, గడ్డం కదపకపోవడం, ఈ చాదస్తాలన్నీ ఆ ఎడం మారకుండా ఉండడానికే. మీరు బాణానికోసారి మారుస్తూ పోండి. ఒకటి టార్గెట్టు నెత్తి మీదుగా, ఒకటి దాని కాళ్ల సందున. వైవిధ్యం ఉండాలి.

ఇప్పుడు లాగడం సంగతి. పెదవి మూల దగ్గర ఆపేస్తే చూసేవాళ్లకి ఏం బాగుంటుంది? ఆకర్ణాంతం లాగాలి, మన పౌరాణిక సినిమాల్లో లాగినట్టు. దీనికి మటుకు పెద్ద వెడల్పాటి ఫ్రేము కావాలి. ఇందాక చిన్న ఫ్రేము అన్నానని పట్టుకోకండి, సలహాకి ముందూ వెనకా ఉండదు. నారి చెవి దాకా వెళ్లిందంటే ఫ్రేము బయటి అంచు దాటి వెనక్కి పోయినట్టే. వదలగానే ముందుకొచ్చే దారిలో జోడుని కూడా వెంటబెట్టుకుని వస్తుంది. జపానువాళ్ల క్యూడోలో రెండు మీటర్లు దాటిన విల్లుని చెవి వెనక దాకా లాగి 28 మీటర్ల అవతల ఉన్న గురిని కొడతారు. అక్కడ జోడు పెట్టుకున్న కొత్తవాళ్లకి ఈ అనుభవం బాగా తెలుసు. అయితే వాళ్లు విల్లు పట్టిన చేతి తీరూ, ముఖం తిప్పే తీరూ నేర్చుకుని నారికి దారి ఇస్తారు. మనం దారి ఇవ్వం. అద్దాలు పాలీకార్బొనేటువి అయితే దెబ్బకి తట్టుకుంటాయని డాక్టర్లు అంటారు. గాజువి వేయించుకోండి, గీతలు పడవు.

ఏ కన్ను పెత్తనం చేస్తోందో చూసుకోమని మరో గోల. రెండు చేతులూ చాపి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న తలుపు గొళ్లాన్ని చూసి, ఒక్కో కన్నూ మూసి చూడాలట. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గొళ్లెం సందులోనే ఉందో అదే పెత్తందారు. కుడిచేత్తో లాగేవాడికి ఎడమ కన్ను పెత్తందారైతే బాణాలన్నీ ఎడమకి పోతాయట. కుడి అద్దం పవరు పాతబడిపోయి ఎడమది స్పష్టంగా ఉన్నా మెదడు ఎడమ కంటి మాటే వినొచ్చట. పరీక్షకి అర నిమిషం పడుతుంది, కాబట్టి మానెయ్యండి. బాణాలు ఎడమకి పోతున్నాయి కదా, మీరు నాలుగడుగులు కుడికి జరిగి నిలబడండి. పక్కవాడు అరిస్తే అరవనివ్వండి.

ఇంకో ఉపాయం కూడా ఉంది. ఇంట్లో అద్దానికి అతికించి ఉండే బొట్టుబిళ్లల్లోంచి చిన్నదొకటి తీసి జోడు మీద అంటించుకోండి. అదే మీ సైట్ పిన్ను. ప్రపంచ ఆర్చరీ సమాఖ్య నిబంధనలు పవరు జోళ్లనీ, చలువ జోళ్లనీ ఒప్పుకుంటాయి గాని అద్దానికి సన్న చిల్లులు పెట్టడం, గురికి పనికొచ్చే ఏ గుర్తయినా పెట్టడం ఒప్పుకోవు. రెండో కన్ను మూసుకోవాలంటే ఆ అద్దం మొత్తం మూసేయాలి గాని సగం సగం కుదరదు. ఈ నిబంధనలు చదివినవాడు మీ ఊరి పోటీలో ఒక్కడైనా ఉంటాడా? ఉంటే వాడే అంపైరు అయ్యుంటాడు, వాడికి మొదటి టీ మీరే ఇప్పించండి.

జ్యోతి సురేఖ గారు మన విజయవాడ అమ్మాయే కదా, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది కదా, ఆవిణ్ణి చూసి నేర్చుకోకూడదా అంటారు. తప్పకుండా నేర్చుకోండి. ఆవిడది కాంపౌండ్ విల్లు, నారిలో చిల్లు బిళ్ల ఉంటుంది, ముందు సైటులో భూతద్దం పెట్టుకోనిస్తారు. మీ వెదురు విల్లుతో అదంతా ఊహించుకుంటూ వెయ్యండి.

జోడు బెడదే వద్దనుకుంటే కాంటాక్ట్ లెన్సులు మంచివని చెప్పేవాళ్లున్నారు. నిజమే, కన్ను ఎటు తిరిగితే లెన్సు అటే తిరుగుతుంది, అంచుల గొడవ లేదు, ఫ్రేము లేదు. అందుకే వాటిని ముందు ఇంట్లో వారం పది రోజులు అలవాటు చేసుకోకుండా తిన్నగా పోటీ రోజే, దుమ్ము లేచే మైదానంలోనే మొదటిసారి పెట్టుకోండి. పెట్టుకునే ముందు నారికి తేనెమైనం రాయడం మరిచిపోవద్దు. ఆ వేళ్లతోనే పెట్టుకుంటే లెన్సు కంటికి గట్టిగా అతుక్కుంటుంది, కన్ను ఆ రోజుకి తెరుచుకోదు. అదీ ఒక కన్ను మూసి గురిపెట్టడం కిందే లెక్క.

బాణాలు అయిపోయాక ఈలవేస్తారు, అందరూ తెచ్చుకోవడానికి బయల్దేరతారు. నడిచి వెళ్లమంటారు, టార్గెట్టుని పక్కనుంచి సమీపించమంటారు. ఎందుకంటే టార్గెట్టులో దిగిన బాణాల తోకలు సరిగ్గా వంగినవాడి కళ్ల ఎత్తున మనకేసి తిరిగి ఉంటాయి, ఎదురుగా చూసేవాడికి అంత పొడుగు కర్రా చిన్న చుక్కలాగే కనిపిస్తుంది. జోడు తీసేసినవాడికి ఆ చుక్క కూడా కనిపించదు. మీరు మాత్రం పరుగెత్తండి. పక్కవాడు తన బాణం చూసుకునేలోపు మధ్యలో దిగింది మీదేనని చెప్పేయొచ్చు.