ఆసక్తి మీద ఆసక్తి

బంగారం మీద అప్పులిచ్చే కంపెనీలన్నీ ఒక్కసారిగా తెలుగు నేర్చేసుకున్నాయి. ఏ యాప్ తెరిచినా కుడివైపు పైమూల 'అ' అని ఒక బిళ్ళ. మొన్నటిదాకా ఇంగ్లీషులో అప్పిచ్చి, ఇంగ్లీషులో నోటీసిచ్చి, ఇంగ్లీషులోనే వేలం వేసుకున్నవాళ్ళకి ఉన్నట్టుండి మన భాష మీద ఇంత మమకారం ఎందుకు పుట్టిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. రిజర్వు బ్యాంకు పుట్టమంది, పుట్టింది. 2026 ఏప్రిల్ 1 లోపు పుట్టాలని గడువు కూడా పెట్టింది. ఆ తేదీ ఎంచినవాళ్ళెవరో గానీ చమత్కారులు.

నేను వెబ్‌సైట్లు కట్టి బతికేవాణ్ణి. మాదాపూర్‌లో పదమూడేళ్ళ సర్వీసు. ఇలాంటి బిళ్ళలు కొన్ని నా చేత్తోనే అతికించాను. కాబట్టి ఇక్కడ తిట్టేవాడూ నేనే, తిట్లు తినాల్సినవాళ్ళ వరసలో నిలబడ్డవాడూ నేనే.

మా మేనత్త తణుకులో ఉంటుంది. మనవరాలి కాలేజీ ఫీజుకి రెండు గాజులు తాకట్టు పెట్టి అరవై వేలు తెచ్చుకుంది. మొన్న ఆదివారం పొద్దున్నే ఫోను.

"ఒరేయ్, నువ్వు కంప్యూటర్లలోనే కదా పనిచేసేది. వీళ్ళకి నా గాజుల మీద ఆసక్తేంట్రా?"

"ఎవరికత్తా?"

"అప్పిచ్చినోళ్ళకి. 'మీ ఆసక్తి బకాయి ఉంది, వెంటనే ఆసక్తి చెల్లించండి' అని యాప్‌లో వచ్చింది. నాకేం ఆసక్తి లేదు బాబూ అని చెప్పెయ్యనా?"

"అది వడ్డీ అత్తా."

"వడ్డీ అయితే వడ్డీ అని రాయడానికి ఏం రోగం?"

పదమూడేళ్ళలో నన్ను ఏ క్లయింటూ ఇంత సూటిగా అడగలేదు. సమాధానం చెప్పలేక సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాను.

ఆ రాత్రి కూర్చుని ఆ యాప్ తెలుగంతా చదివాను. నవల్లా చదివించింది. 'ఆసక్తి రేటు నెలకు ఒక శాతం.' పెళ్ళిచూపులకి బలవంతంగా తీసుకొచ్చిన కుర్రాడికి కూడా ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. 'ఆసక్తి లేని కాలం 7 రోజులు.' మా అబ్బాయికి లెక్కల విషయంలో ఆ కాలం పదో తరగతి పొడుగునా నడిచింది. 'చెల్లించని ఆసక్తిపై సమ్మేళన ఆసక్తి వర్తించును.' ఇది చక్రవడ్డీ. ఆసక్తి మీద ఆసక్తి, దాని మీద మళ్ళీ ఆసక్తి. ఇంత ఆసక్తి ఏ ప్రేమకథలోనూ చూళ్ళేదు.

వడ్డీ గతి ఇదైతే, అసలు గతి ఇంకా ఘోరం. అసలు అంటే ప్రిన్సిపల్. ప్రిన్సిపల్ అంటే ఇంకేముంది, 'ప్రధానోపాధ్యాయుడు'. 'ప్రధానోపాధ్యాయుడు: రూ. 60,000.' ఏ స్కూలుకి కొన్నారో రాయలేదు. కిందనే 'ప్రధానోపాధ్యాయుణ్ణి పాక్షికంగా చెల్లించవచ్చు' అని వెసులుబాటు. చేతులు ఈ నెల, కాళ్ళు వచ్చే నెల. 'ప్రధానోపాధ్యాయుడు తగ్గేకొద్దీ ఆసక్తి తగ్గును.' ఇదొక్కటి నిజమే. మా హైస్కూల్లో అలాగే జరిగింది.

ఇక 'మరిన్ని వివరాలకు సమీప కొమ్మను సంప్రదించండి.' బ్రాంచి కొమ్మయింది. కాకి అయితే సంప్రదిస్తుంది, అరవై రెండేళ్ళ మా అత్త ఎక్కడ ఎక్కుతుంది? కిటికీ మూసే గుర్తు మీద 'దగ్గరగా' అని ఉంది. మే నెల 'కావచ్చు' అయింది. ఏప్రిల్, కావచ్చు, జూన్. వాయిదా కావచ్చు నెల 5న కట్టాలట. కట్టొచ్చు, కట్టకపోవచ్చు.

మిగతా సరదాలు ఒక్కో ముక్కలో చెప్పి వదిలేస్తాను. ఇంటిపేరు మొదట రాసుకునే జాతి చేత 'చివరి పేరు' తప్పనిసరి అని నింపించే పెట్టె. తెలుగు పేజీలో ఇంగ్లీషు వంకర అక్షరాల క్యాప్చా. ఏ ప్రశ్న అడిగినా 'నమస్కారం, నేను మీకు ఎలా సహాయపడగలను' దగ్గరికే తిరిగొచ్చే ఆడపేరు చాట్‌బాట్. గూగుల్ ఫాంట్స్‌లో పెద్దన, తిమ్మన, ధూర్జటి పేర్లతో తెలుగు ఫాంట్లు ఉచితంగా వచ్చి కూర్చుంటే, ఇంగ్లీషు కొలతకి పెట్టిన లైన్ హైట్‌తో వాళ్ళ వత్తుల కాళ్ళు నరికే మా నేర్పు.

ఇదంతా అనువాదం చేసే యంత్రం తప్పని మావాళ్ళు చేతులు దులుపుకుంటారు. అది అబద్ధం. ఎలా జరుగుతుందో చెబుతాను, నేను చేసినవాణ్ణే కాబట్టి. యాప్‌లోని మాటలన్నీ ఒక ఫైల్లో ఉంటాయి. ఒక్కో వరసలో ఒక్కో మాట, ముందూ వెనకా ఏమీ ఉండదు. ఒకచోట 'ఇంటరెస్ట్', ఇంకోచోట 'బ్రాంచ్', మరోచోట 'క్లోజ్'. ఇది బంగారం అప్పు యాప్ అని గానీ, ఈ మాట ఏ బటన్ మీద కూర్చుంటుందని గానీ యంత్రానికి ఎవరూ చెప్పరు. చీకట్లో చేతికో వస్తువిచ్చి ఇదేంటో చెప్పమంటే ఎవడైనా ఏదో ఒకటి చెబుతాడు. ఒక్క వాక్యం, 'ఇది నగల తాకట్టు యాప్' అని చెబితే ఇవాళ్టి యంత్రాలు వడ్డీని వడ్డీ అనే అంటాయి. ఆ ఒక్క వాక్యం టైపు చెయ్యడానికి మాకు ఓపిక లేదు. 22 భాషల కోసం కేంద్రం 2022లోనే భాషిణి అనే అనువాద వేదిక తెచ్చింది. పరికరాలకి కొదవ లేదు. వచ్చినదాన్ని ఒక్కసారి చదివే మనిషే లేడు.

లేడంటే, మాలో తెలుగు వచ్చినవాళ్ళు లేరని కాదు. నేను చేసిన ఒక ప్రాజెక్టు టీమ్ చెబుతాను వినండి. మేనేజర్‌ది ఏలూరు. డిజైనర్‌ది వరంగల్. టెస్టర్ అమ్మాయిది నెల్లూరు. నాది తణుకు. తెలుగు పనికి ఇచ్చిన సమయం శుక్రవారం మధ్యాహ్నం భోజనాలకీ టీకీ మధ్య. ఫైలు యంత్రంలో వేశాను, వచ్చింది వచ్చినట్టు ఎక్కించాను. టెస్ట్ కేసు ఏమిటంటే, 'బిళ్ళ నొక్కగానే భాష మారాలి.' అమ్మాయి నొక్కింది. మారింది. పాస్. ఏ భాషలోకి మారిందన్నది టెస్ట్ కేసులో లేదు. "తెలుగు డన్?" అన్నాడు మేనేజర్. "డన్" అన్నాను. నలుగురం కిందికి దిగి టీ తాగాం. టీ దగ్గర గంటసేపు కబుర్లు చెప్పుకున్నాం, అచ్చమైన తెలుగులో.

సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. పాతికేళ్ళు దాటింది. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని, మాదాపూర్‌లో చేరి, డాలస్ దాకా వెళ్ళొచ్చాం. ప్రపంచంలో ఏ మూల బ్యాంకు సర్వర్ పడిపోయినా అర్ధరాత్రి లేచి లేపేది మనవాళ్ళే. అమెరికా ఖాతాదారుడికి ఒక పెన్నీ తేడా వస్తే మూడు కాల్స్, రెండు రిపోర్టులు. తణుకు ఖాతాదారుకి అసలు పోయి ప్రధానోపాధ్యాయుడు వస్తే ఒక్కడికీ నిద్ర చెడదు.

మళ్ళీ అత్త యాప్ దగ్గరికి వస్తాను. ఆ రాత్రి కొమ్మలూ కావచ్చులూ దాటేదాకా నవ్వుతూనే చదివాను. తర్వాత ఒక వాక్యం దగ్గర నవ్వు ఆగిపోయింది. 'గడువు ముగిసిన పిదప చెల్లింపు లేనిచో భద్రత తొలగించబడును.'

మళ్ళీ చదవండి. భద్రత అంటే ఇక్కడ సెక్యూరిటీ. సెక్యూరిటీ అంటే మా అత్త గాజులు. తొలగించడమంటే వేలం. 'డబ్బు కట్టకపోతే మీ గాజులు వేలం వేస్తాం' అని చెప్పాల్సిన చోట రాసిన మాట అది. అత్తనడిగాను, దీన్ని చూసి ఏమనుకున్నావని. "ఫోనుకి తాళం పోద్దేమో అనుకున్నాన్రా, నీచేత మళ్ళీ పెట్టించుకుందాంలే అని ఊరుకున్నా" అంది.

ఆ తెలుగు పేజీ పైనుంచి కిందిదాకా వెతికాను. 'వేలం' అన్న మాట ఒక్కచోట లేదు. 'తాకట్టు' లేదు. 'వడ్డీ' లేదు. అప్పు తీసుకునే మనిషికి ప్రాణవాయువులాంటి మాటలు ఒక్కటీ లేని పేజీని తెలుగు పేజీ అని ఎలా అంటారు? ఆవిడ కింద 'నాకు అర్థమైంది, అంగీకరిస్తున్నాను' అని నొక్కింది. నొక్కకపోతే డబ్బు రాదు. రేపు గాజులు పోతే అదే నొక్కుడు చూపించి, తెలుగులోనే చెప్పాం కదమ్మా అంటారు. ఇంగ్లీషులో ఉన్నప్పుడు కనీసం అర్థం కాలేదనే సాకు ఆవిడకి ఉండేది. ఇప్పుడు అదీ లాక్కున్నారు.

రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల్లో ఉన్నదేమిటి? అప్పు షరతులు ఆ ప్రాంతపు భాషలో గానీ, అప్పు తీసుకునే మనిషి కోరుకున్న భాషలో గానీ చెప్పాలి. చదువు రానివాళ్ళకైతే ముఖ్యమైన షరతులు ఒక సాక్షి ముందు వివరించాలి. ఆ సాక్షి అప్పిచ్చే సంస్థ మనిషి కాకూడదు. బాకీ మొత్తం తీర్చాక నగ అదే రోజు, ఆలస్యమైనా 7 పనిదినాల లోపు చేతిలో పెట్టాలి. తప్పు సంస్థదైతే రోజుకి 5,000 రూపాయలు పరిహారం. వేలానికి ముందు తగిన నోటీసు ఇవ్వాలి. అడ్డగోలుగా లేదు, చక్కగానే ఉంది. అయితే మావాళ్ళు చదువుకున్నది ఇందులో ఒక్క ముక్కే: భాష. భాషంటే బిళ్ళ. బిళ్ళ పెట్టాం, పనైపోయింది.

నోటీసు సంగతి కూడా వినండి. యాప్‌లో ఇంత తెలుగు వెలిగించిన కంపెనీ ఎస్సెమ్మెస్ మాత్రం ఇంగ్లీషులోనే పంపుతుంది. కారణం నాకు తెలుసు, ఇలాంటి మీటింగుల్లో కూర్చున్నాను. ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలు 160 పడతాయి. తెలుగైతే 70. అదీ మనం లెక్కపెట్టుకునే అక్షరాలు కాదు. 'స్త్రీ' అని రాస్తే కంప్యూటర్ లెక్కలో ఆరు. అంటే ఒక తెలుగు నోటీసుకి మూడు నాలుగు మెసేజిల ఖర్చు. మెసేజికి పైసల్లో బేరం. ఆ పైసలు మిగల్చడానికి, లక్షల విలువైన నగ వేలానికి పోతోందన్న కబురు ఆవిడకి రాని భాషలో పంపుతారు. దీన్ని ఆప్టిమైజేషన్ అంటారు మా దగ్గర. చేసినవాడికి చప్పట్లు కూడా కొడతారు. నేనూ కొట్టాను.

మా అత్తకి కంపెనీ యాప్‌లు రాకముందు మా ఊళ్ళో తాకట్టు కొట్టు ఒకటే. మార్వాడీ సేటుది. రాజస్థాన్ నుంచి తండ్రితో వచ్చినప్పుడు ఆయనకి తెలుగు ముక్క రాదు. ఆర్నెల్లలో అసలు, వడ్డీ, గడువు, వాయిదా, బాకీ, చెల్లు, విడిపించుకోవడం అన్నీ నేర్చేసుకున్నాడు. యాసతో సహా. ఎందుకు నేర్చుకున్నాడు? గల్లా పెట్టె ముందు నిలబడ్డ మనిషికి అర్థం కాకపోతే గొడవైపోతుంది కాబట్టి. వడ్డీ ఎక్కువే గుంజేవాడు, కాదనను. కానీ ఎంత గుంజుతున్నాడో మా అత్తకి చివరి రూపాయి దాకా తెలిసేది. వెయ్యి మైళ్ళ నుంచి వచ్చినవాడికి ఆర్నెల్లలో వచ్చిన పది మాటలు, గోదావరి నీళ్ళు తాగి పెరిగిన మాకు పదమూడేళ్ళయినా రాలేదు. రాక కాదు. గల్లా పెట్టె ముందు ఆ మనిషి మాకు కనిపించదు. మాకు కనిపించేది డ్యాష్‌బోర్డు.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లలో యాప్‌లని కుప్పకూల్చింది, గుర్తుందా? ఆపిల్ ఆ నెల తిరక్కుండానే అప్‌డేట్ పంపి సరిచేసింది. అక్కడ కూలింది యాప్. మా లోకంలో యాప్ కూలితే ఎర్ర లైటు వెలుగుతుంది, ఫోన్లు మోగుతాయి, రాత్రికి రాత్రి మనుషులు లేస్తారు. చదివిన మనిషికి ఏమీ అర్థం కాక కూలబడితే ఏ లైటూ వెలగదు. 'ఆసక్తి చెల్లించండి' అన్న పేజీ సాంకేతికంగా నిక్షేపంలా పనిచేస్తోంది. బగ్ రిపోర్టు ఒక్కటి లేదు. వచ్చిందల్లా నాకు ఆదివారం పొద్దున ఒక ఫోను.

గత వారం తణుకు వెళ్ళి అత్తని తీసుకుని ఆ కంపెనీ కౌంటర్‌కి వెళ్ళాను. పాతికేళ్ళ కుర్రాడు, టై కట్టుకుని ఉన్నాడు. అత్త ఫోను చూపించింది. వాడు యాప్ వంక చూడను కూడా చూడలేదు. రశీదు వెనక్కి తిప్పి బాల్ పెన్నుతో రాశాడు: అసలు ఇంత, ఇవాళ్టికి వడ్డీ ఇంత, ఈ తేదీ దాటితే వేలం నోటీసు. మూడు వరసలు. "రోజుకి ఎంతమందికి రాస్తావు బాబూ ఇలా?" అంటే, "అందరికీనండీ, లేకపోతే ఎవరికి అర్థమవుద్ది?" అన్నాడు. కంపెనీ తెలుగు పేజీ ఇదన్నమాట. రశీదు వెనకాల ఉంది. మా ఫైలుకి కావలసిన మాటలన్నీ ఆ మూడు వరసల్లో ఉన్నాయి. మాదాపూర్ నుంచి ఆ కౌంటర్‌కి ఒక్క ఫోను చేసినవాడు లేడు.

మావాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నేను చేసిన ఫైలు తిరిగి తెరిచి సరిచేస్తున్నాను, అంతే. చెప్పాల్సింది మీకు. బంగారం పెట్టి అప్పు తీసుకుంటుంటే 'అ' బిళ్ళని నమ్మకండి. అసలెంత, వడ్డీ ఎంత, గడువెప్పుడు, వేలం ఎప్పుడు, ఈ నాలుగూ మీకు అర్థమయ్యే తెలుగులో కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసిచ్చేదాకా కౌంటర్ దగ్గర్నుంచి కదలకండి. మీరడిగేది దయ కాదు, రూలు.