ఏసీ బాగుండాదబ్బా!

తెలుగు సినిమా వసూళ్ల పట్టికలో నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలు, కృష్ణా, గుంటూరు వరసగా నిలబడ్డాక ఓ మూల నెల్లూరు కనిపిస్తుంది. అంకె ఎప్పుడూ బక్కదే. 2022 ఏప్రిల్‌లో సర్కారు నెల్లూరు జిల్లాలోని దొరవారిసత్రాన్ని తిరుపతి జిల్లాలో కలిపినా పంపిణీదారులు ఆ ఊరిని నెల్లూరు ఖాతాలోంచి తీయలేదు. సినిమా చూసొచ్చినవాడి నోరు కూడా నెల్లూరుదే, దాన్ని ఏ గెజిట్టూ మార్చలేకపోయింది.

ఈ ఊళ్లో విమర్శకుడని వేరే జాతి లేదు. శీతాకాలంలో చుట్టాలకు నేలపట్టు గూడబాతుల్ని చూపించేవాడు, శ్రీహరికోట షార్‌లో డ్యూటీకి పోయేవాడు, చెన్నై రైలెక్కేవాడు, ఎవరైనా సరే టీకొట్టు ముందు నిలబడగానే విమర్శకుడైపోతాడు. రెండున్నర, రెండుంపావు అని స్టార్లను ముక్కలు చెయ్యడు. తీర్పు ఒక్క వాక్యంలో తేల్చేస్తాడు.

"ఎట్టుండాది సినిమా?"

"ఏసీ బాగుండాదబ్బా."

ఇక అప్పీలు లేదు. "బాగుండ్లా" అన్నా నిర్మాతకు కాస్త ఆశ మిగిలేది. "చూడొచ్చు" అంటే డబ్బులు పోయాయి గానీ ఏడవలేదని అర్థం. "పిల్లకాయలకు నచ్చుద్ది" అంటే పెద్దలు ఇంట్లోనే ఉండటం మేలని.

ఈ చుట్టుపక్కల ఏసీకి ఇంత మర్యాద పెరగడానికి కారణం సూళ్లూరుపేట దగ్గర హైవే పక్కనున్న వీ ఎపిక్. వంద అడుగులు దాటిన వెడల్పుతో, ఆసియాలోకెల్లా పెద్ద తెరల్లో ఒకటని చెప్పుకుంటూ 2019 ఆగస్టు చివర్లో రామ్‌చరణ్ చేతుల మీదుగా తెరుచుకుంది. దాని మీద పడిన మొదటి బొమ్మ ఆగస్టు 30న విడుదలైన 'సాహో'. వందల కోట్లు పోశామన్న సినిమా అది. హిందీ ప్రేక్షకులు పర్వాలేదనుకున్నారు, తెలుగువాళ్లు మొహం చిట్లించారు. తెర అంత పెద్దదైతే కథలో ఖాళీలూ అదే కొలతలో కనబడతాయని హాలు కట్టినవాళ్లు ముందే ఆలోచించుకోవాల్సింది.

ఇంత ముక్కుసూటి మనిషి అభిప్రాయానికీ ఒక రేటుంది. అది టికెట్ మీదే అచ్చవుతుంది.

2021 ఏప్రిల్‌లో వచ్చిన 35వ నంబరు జీవో ప్రకారం గ్రామ పంచాయతీలో ఏసీ లేని హాల్లో కింది తరగతి టికెట్ అప్పట్లో 5 రూపాయలు. టీ కూడా రాని ధర. అది గిట్టుబాటు కాదని ఆ డిసెంబరులో చాలా హాళ్లు తలుపులు మూసుకున్నాయి, వీ ఎపిక్ పెద్ద తెర కూడా కొన్నాళ్లు చీకట్లోనే ఉంది. సరిగ్గా మూడేళ్లు తిరిగేసరికి, 2024 డిసెంబరు 4 రాత్రి 'పుష్ప 2' ముందస్తు ఆటకు టికెట్ 800, జీఎస్టీ అదనం. ఇక్కడే ఒక విచిత్రం. రేటు పెరిగితే నోరు ఇంకా పదునెక్కాలి కదా? ఎక్కదు. ఎనిమిది వందలు పెట్టి అర్ధరాత్రి దాకా మేల్కొన్నవాడు బయటికొచ్చి బాగాలేదంటే పోయేది సినిమా పరువు కాదు, వాడి పరువు. అందుకని ఆదివారం దాకా "మాస్ అబ్బా, మాస్" అంటాడు. సోమవారం మామూలు రేటుకు వెళ్లినవాడే నిజం చెబుతాడు.

ఇక డబ్బే పెట్టనివాడి సంగతి. 2010 అక్టోబరులో 'ఖలేజా'ను, నవంబరులో 'ఆరెంజ్'ను హాళ్ల నుంచి తరిమేసింది ఈ ప్రేక్షకులే. 'ఆరెంజ్' దెబ్బకు నాగబాబు అప్పులపాలయ్యారు. తర్వాత ఆ రెండూ టీవీలో ఊరికే వచ్చాయి. సోఫాలో పడుకుని చూసినవాడికి త్రివిక్రమ్ మాటలు అమృతమయ్యాయి, హారిస్ జయరాజ్ పాటలు ప్రాణమయ్యాయి. 2023లో 'ఆరెంజ్', 2025లో 'ఖలేజా' మళ్లీ విడుదలైతే అప్పుడు తిట్టిన తరమూ, అప్పటికి పాలు తాగుతున్న తరమూ కలిసి ఈలలు వేశాయి. ఆ ఈలలో పదో వంతు 2010లో వేసి ఉంటే ఒక నిర్మాతకు వడ్డీ మిగిలేది.

అయినా ఈ నోటిని నమ్మాల్సిందే, ఎందుకంటే దానికి బదులు పెట్టిన ఏర్పాట్లు ఇంకా ఘోరం. నెల్లూరు కవి తిక్కవరపు పట్టాభిరామరెడ్డి కన్నడంలో 'సంస్కార' తీస్తే సెన్సారు వాళ్లు అది జనం చూడరాదన్నారు. తర్వాత అదే సినిమాకు 1970 జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు ఇచ్చారు. టీకొట్టు కూడా మాట మారుస్తుంది గానీ ఇంత దర్జాగా మార్చదు. 1980 ఫిబ్రవరి 2న 'శంకరాభరణం' ఖాళీ కుర్చీల ముందు మొదలైంది. పెద్ద హీరో లేడు, డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసే సోమయాజులు ఉన్నారు. దాన్ని లేవదీసింది పోస్టరు కాదు, చూసొచ్చినవాళ్ల నోరు.

ఆ నోటికే ఇప్పుడు తాళం కావాలట. 2023 జూన్ 16న 'ఆదిపురుష్' ఆడే హాళ్లలో హనుమంతుడికని ఒక సీటు ఖాళీగా ఉంచారు. హైదరాబాద్ ప్రసాద్స్ ముందు సినిమా బాగాలేదన్న ఒక మామూలు ప్రేక్షకుడిని మాత్రం అభిమానులు కొట్టారు. రానివాడికి సీటు, టికెట్ కొన్నవాడికి దెబ్బలు. 2024 చివర్లో తమిళ నిర్మాతలు, విడుదలైన మూడు రోజుల దాకా సమీక్షలు రాకుండా ఆపమని మద్రాసు హైకోర్టుకెక్కారు. విమర్శ భావప్రకటన స్వేచ్ఛ కిందికే వస్తుందని కోర్టు ఒప్పుకోలేదు. పాపం, ఆ నిర్మాతలకు దొరవారిసత్రం లెక్క తెలియదు. మొదటి మూడు రోజులూ ఎటూ మనవాడు 'మాస్' అనే అంటాడు.

వాళ్లకు అంత కోపం తెప్పించిన సినిమాల్లో ఒకటి 'కంగువ'. తమిళనాడు పొలిమేర దగ్గరే కాబట్టి అరవ బొమ్మ సంగతి ఇక్కడికి త్వరగానే చేరుతుంది. ఆ నవంబరు 14న చూసిన చాలామంది మొదటి ఫిర్యాదూ చెవుల గురించే. మొదటి అరగంట కుదరలేదని, మోత ఎక్కువైందని హీరో భార్య జ్యోతికే ఒప్పుకున్నారు. చివరికి శబ్దం రెండు పాయింట్లు తగ్గించమని హాళ్లకు కబురెళ్లింది, నిడివి పన్నెండు నిమిషాలు కత్తిరించారు. ఈ వార్త చదివిన టీకొట్టు విమర్శకుడికి ఒకటే సందేహం: "కథకి గూడా అట్టాంటి మీట ఒకటుంటే బాగుండు గదబ్బా?"