రోజుకో ప్రమాణం, పదేళ్ల బాకీ

తాడిపత్రి ఎండకు ఆగస్టు అన్నా మొహమాటం లేదు. మొన్న పదిహేనో తారీఖున ఒక చిన్నబడిలో జెండా వందనానికి పోతే, పిల్లలు అప్పటికే వరసలు కట్టి నిలబడి ఉన్నారు. నేలంతా నాపరాళ్లే. ఈ ఊళ్లో దేనికి కరువున్నా బండలకు లేదు కదా! చెప్పులు విడిచి నిలబడమన్నారు కాబట్టి ఒకటో తరగతి పాదాలు ఆ బండ మీద కాసేపు కుడికాలు, కాసేపు ఎడమకాలు మార్చుకుంటున్నాయి. ఎనిమిదిన్నరకు రావలసిన ముఖ్య అతిథి పది దాటినా రాలేదు. "అన్న వస్తాండాడు, దోవలో ఉండాడు" అని పావుగంటకో ఫోను. మూడో వరసలో ఒక పాప కళ్లు తిరిగి కూర్చుండిపోతే ఆయమ్మ మంచినీళ్లు తాపి నీడకు తీసుకుపోయింది.

అన్న వచ్చాడు. మైకు అందుకున్నాడు. మొదటి మాటే, ఈ కాలం పిల్లలకు క్రమశిక్షణ లేదన్నాడు. రెండో మాట, దేశభక్తి అసలే లేదన్నాడు. దానికి మందు కూడా ఆయనే చెప్పాడు. ప్రతిజ్ఞ పొద్దున ఒక్కసారి చెప్పిస్తే సరిపోదట, సాయంత్రం బడి విడిచేటప్పుడూ చెప్పించాలట. డాక్టరు చీటీ రాసినట్టు, పూటకొక మాత్ర. పెద్దలంతా చప్పట్లు కొట్టారు. పిల్లలూ కొట్టారు. చేతులు కదిలించడానికి దొరికిన మొదటి అవకాశం వాళ్లకదే.

నేను అక్కడే కూర్చుని లెక్క వేశాను. ఏడాదికి బడి సుమారు 220 రోజులు. పదో తరగతి దాకా పదేళ్లు. ఒంటిపూట మోతాదుకే 2,200 సార్లు అవుతుంది. అన్న చెప్పిన రెండుపూటల వైద్యం అమలైతే 4,400. ఇప్పుడు మన శెనక్కాయల వ్యాపారిని ఎవరినైనా అడగండి. పంట చేతికి రాగానే తీరుస్తానని ఒక్కమాట చెప్పి పోయినవాడికి అప్పిస్తాడు. రోజూ తెల్లారేసరికి వాకిట్లో నిలబడి, కుడిచెయ్యి చాపి, తీరుస్తా తీరుస్తా అనేవాడిని చూస్తే మాత్రం ఇంట్లోకి పోయి ప్రోనోటు తెచ్చుకుంటాడు.

ప్రోనోటంటే గుర్తొచ్చింది, పిల్లల చేత అదీ రాయించుకోకూడదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాడు కుదుర్చుకున్న ఒప్పందం చెల్లదు. బడి గేటు ముందు బండి మీద పది రూపాయల జామకాయలు అప్పు తిన్నా సరే, ఆ కాగితం మీద ఏ కోర్టూ ఆ పిల్లోని మీద డిక్రీ ఇవ్వదు. జామకాయల దగ్గర ఇంత జాగ్రత్తపడే దేశం, యావజ్జీవిత సేవకు మాత్రం ఆరేళ్లవాడి దగ్గర రోజూ మాట తీసుకుంటుంది. అదే మన ఎమ్మెల్యేగారు? రాజ్యాంగం మూడో షెడ్యూలు ప్రకారం గెలిచినప్పుడు ఒక్కసారి ప్రమాణం. మళ్లీ గెలిస్తే మళ్లీ ఒక్కసారి. ఎవరి మాట మీద ఎంత నమ్మకమో దీన్నిబట్టే తెలియడం లేదా! రెండో తరగతి పిల్ల మాట తప్పుతుందేమోనని దేశానికి రోజూ గుబులు. ఎమ్మెల్యే విషయంలో ఆ భయమే లేదు.

ప్రతిజ్ఞ మీద నాకు కోపం లేదు. అసలు అది రాసింది మనవాడే. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారిగా పనిచేస్తూ తెలుగులో రాశారు. చైనా యుద్ధం నాటి కలత అది. తెన్నేటి విశ్వనాథం చొరవతో అది అప్పటి విద్యాశాఖ మంత్రి పి.వి.జి. రాజు చేతికి పోయింది. 1964లో బెంగళూరులో ఎం.సి. చాగ్లా అధ్యక్షతన జరిగిన కేంద్ర విద్యా సలహా మండలి సమావేశం దాన్ని దేశమంతటికీ సిఫార్సు చేసింది. 1965 జనవరి 26 నుంచి బడుల్లో అమలు. ఖజానా ఆఫీసులో పనిచేసినవాళ్లకు తెలుసు, సంతకం లేని బిల్లు అక్కడ అంగుళం కదలదు. ఆ అధికారి రాసిన ప్రతిజ్ఞ మాత్రం సంతకం లేకుండానే దేశమంతా పాసైపోయింది. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరే లేదు. 1988లో ఆయన పోయారు. పెద్దలను గౌరవిస్తానని కోట్లమంది పిల్లల చేత రోజూ చెప్పించిన పుస్తకం, ఆ మాట రాసిన పెద్దాయన పేరు అచ్చెయ్యడం మరిచిపోయింది.

ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. యుద్ధం వేడిలో రాసిన ఆ ప్రతిజ్ఞలో శత్రువు లేడు. సైన్యం లేదు, జెండా లేదు, దేవుడు లేడు. అమ్మానాన్నలు, ఉపాధ్యాయులు, తోటి మనుషులు, మర్యాద... ఎక్కువగా ఉన్నవి ఇవే. అమెరికాలో 1892లో ఫ్రాన్సిస్ బెల్లమీ రాసిన ప్రతిజ్ఞ జెండాతోనే మొదలవుతుంది. దాన్ని అచ్చేసిన పత్రిక అప్పట్లో బడులకు జెండాలు అమ్ముకునేది కూడా. దేవుడు 1954లో వచ్చి చేరాడు. అక్కడి పిల్లలూ చెయ్యి చాపే చెప్పేవారు. అది హిట్లర్ సెల్యూట్‌ను తలపిస్తోందని 1942లో మానేసి గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. మరుసటి ఏడాది వాళ్ల సుప్రీంకోర్టు, ఇష్టంలేని పిల్లవాణ్ణి బలవంతపెట్టకూడదని తేల్చేసింది. డాలస్‌లో ఉన్న మా చుట్టాల పిల్లలిప్పుడు గుండె మీద చెయ్యేసుకుంటారు. ఇక్కడి వాళ్ల తమ్ముళ్లు మాత్రం చెయ్యి చాపే ఉన్నారు.

మన బడి పిల్లలు ఏం చెబుతున్నారో దగ్గరగా విన్నవాళ్లు తక్కువ. నేను విన్నాను. 'సర్వదా' అన్న మాట రెండో తరగతి నోట్లో 'సరదా' అయింది. సరదాగా కృషి చేస్తాడట! రాసినాయన కూడా ఒప్పుకునేవాడేమో. 'వారసత్వ సంపద' కాస్తా 'వారసంత సంపద' అయింది. సంత అంటే వాడికి తెలుసు, అక్కడ బొరుగులు దొరుకుతాయి. 'సేవానిరతి' దగ్గరకొచ్చేసరికి వరస మొత్తం ఒక్కసారిగా గొణిగి, మళ్లీ చివరి మాట దగ్గర గట్టిగా అందుకుంది. ఇంగ్లీషు బళ్లకు ఈ తిప్పలు లేవు. తెలుగువాడు తెలుగులో రాసిన ప్రతిజ్ఞను తెలుగు పిల్లలు అక్కడ ఇంగ్లీషులో చెబుతారు, ఒక్క ముక్కా అర్థం కాదు కాబట్టి తప్పు పోయే ప్రసక్తే లేదు.

ఆ వారసత్వ సంపద పెన్న ఒడ్డునే ఉంది. బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి పోతే పూర్తికాని గోపురాలు, వాటి మీద వేలు పెట్టి చూడాలనిపించే చెక్కడాలు. మన బండల ఫ్యాక్టరీలు ఇప్పుడు రాయిని అద్దంలా నున్నగా తీస్తాయి, ఆ శిల్పులు రాయికి నడుమూ నగలూ పెట్టారు. పిల్లలను ఒక పూట నడిపించుకుపోతే సరి. కానీ దానికి పర్మిషన్ కావాలి, సంతకాలు కావాలి, ఇద్దరు టీచర్లు కావాలి. ప్రతిజ్ఞకు ఎండ చాలు.

ఇక ప్రతిజ్ఞలోని సహోదరుల విషయం. 2024 మే 13న పోలింగ్ జరిగింది. మరునాడు తాడిపత్రి వీధుల్లో సహోదరులు సహోదరుల మీదికి రాళ్లు రువ్వుకున్నారు, దేశమంతా టీవీల్లో చూసింది. బండల ఊరు కాబట్టి సరుకుకు ఇబ్బంది లేదు. రువ్విన వాళ్లంతా చిన్నప్పుడు ఏదో ఒక బళ్లో చెయ్యి చాపి భారతీయులందరితో చుట్టరికం కలుపుకున్నవాళ్లే. అయితే అన్న సిద్ధాంతాన్ని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను. అప్పుడు బడులకు వేసవి సెలవులు. ఊళ్లో ప్రతిజ్ఞ చెప్పే నాథుడు లేక మందు ఆగిపోయి రోగం ముదిరిందేమో! ఈ లెక్కన ఎన్నికలను జూన్ తర్వాత పెట్టుకోవడమే క్షేమం.

నోరు మెదపని పిల్లల గొడవ కూడా ఒకటుంది. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ మర్యాదగా లేచి నిలబడ్డారు, మతవిశ్వాసం వల్ల పాడలేదు. బడి వాళ్లను గెంటేసింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టులో మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి, పాడకపోవడం అవమానం కాదని, వాళ్లను మళ్లీ చేర్చుకోమని తీర్పు రాశారు. మా ముఖ్య అతిథికి ఈ తీర్పు సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పినా, పాడని పిల్లలను వదిలేసి న్యాయమూర్తి చేతనే రోజుకు రెండుపూటలా ప్రతిజ్ఞ చేయించాలనేవాడు.

ఓటు లేని ఈ పిల్లలనే జనవరి 25న ఓటర్ల దినోత్సవం ఊరేగింపులో నడిపిస్తారు, ఓటు అమ్ముకోవద్దని అరిపిస్తారు. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ మిద్దె మీద నిలబడి ముచ్చటగా చూస్తారు.

ఆరోజు సభ చివర హెడ్మాస్టరుగారికి ఏ బుద్ధి పుట్టిందో, "ప్రతిజ్ఞ తమరే చేయించాలన్నా" అని మైకు మళ్లీ అన్న చేతికే ఇచ్చాడు. పిల్లలు చేతులు చాపారు. అన్న కూడా చాపాడు. మొదటి వాక్యం ఖంగుమని పలికింది. రెండోదీ గడిచింది. మూడో దానికి అన్న గొంతు సవరించుకున్నాడు, జెండా వైపు చూశాడు, హెడ్మాస్టరు వైపు చూశాడు. ఆయన జేబులు తడుముకుంటున్నాడు. ముందు వరసలో పాలపళ్లు ఊడిన బుడ్డోడు చాపిన చెయ్యి దించకుండానే తరువాతి మాట మెల్లగా అందించాడు. అన్న అందుకోలేకపోయాడు. నవ్వి, మైకు బల్ల మీద పెట్టి, కారు వైపు నడుస్తూ వాడి తల నిమిరాడు.

"బాగా వచ్చు కదా నీకు. మిగతాది మీరే చెప్పేయండి, నాయినా."