ఫ్రిజ్జు వారంటీ కార్డునకు టీకాతాత్పర్యము

మూలము: "పది సంవత్సరముల వారంటీ.* పంచనక్షత్రాంకితము. సామాన్య గృహవినియోగమునకు మాత్రమే. అసలు బిల్లు చూపినవారికే వర్తించును."

అవతారిక: కావ్యములకు, నాటకములకు, కడకు నిఘంటువులకు సైతము వ్యాఖ్యలు వ్రాసిన మహానుభావులు మన దేశమున నెందఱో గలరు గాని, ఫ్రిజ్జుతో పాటు అట్టపెట్టెలో దిగివచ్చి, థర్మాకోలు ముక్కల నడుమనుండి పైకి తీయబడి, ఎవ్వరిచేతను చదువబడక బీరువామీద శాశ్వతనిద్ర పోవు వారంటీ కార్డునకు ఇంతవరకు ఒక్క టీకయైనను వెలువడకపోవుట పండితలోకమునకు తీరని కళంకము. రఘువంశమునకు సంజీవనిని వ్రాసిన మల్లినాథసూరి మన మెదకు సీమలోని కొలచారమువాడే. ఆ పుణ్యభూమికి నాలుగామడల దూరమున నుండియు నేను చేతులు ముడుచుకొని కూర్చుండుట న్యాయము గాదని తోచి ఈ పనికి బూనితిని. అయితే మూలమున లేనిదానిని వ్రాయనని ఆయన పట్టిన ప్రతిజ్ఞ నావంటివానికి నిర్వహింప శక్యము గాదు. ఏలయన, నేను వ్యాఖ్యానింపబూనిన గ్రంథమున ఉండవలసిన వన్నియు మూలమున లేకయే యున్నవి.

టీకాకారుడు ముందుగా గ్రంథకర్త యెవ్వరో నిర్ణయింపవలెను. ఇచట నది దుస్సాధ్యము. యంత్రము నిలిచిపోయినపుడు దుకాణదారు నడిగితిమేని, ఆ మాటలు కంపెనీవారివని చేతులు దులుపుకొనును. కంపెనీవారికి ఫోను చేసితిమేని, చాలసేపు సంగీతము వినిపించి, సర్వీసు సెంటరువారి నడుగుమందురు. సర్వీసు సెంటరువారు "సిస్టంల అట్ల చూపిస్తలేదు సార్" అని, పూర్వులు దైవముమీద వేసిన భారమును సిస్టముమీద వేయుదురు. ఇట్లు ముల్లోకములు దిరిగినను కర్త కానరాకున్నాడు గావున ఈ గ్రంథము వేదమువలె అపౌరుషేయమని సిద్ధాంతము. పురుషుడు రచింపనిదానికి పురుషదోషము లంటవని మీమాంసకులు చెప్పుదురు. చెడిన యంత్రము విషయమున తప్పెన్నడును కంపెనీది గాకుండుటకు శాస్త్రీయమైన కారణ మిదియే.

ఇక మొదటి వాక్యము. వారంటీ యనగా నేమో బాలురకును దెలియును గావున దానికి అర్థము వ్రాయను. విచారింపదగినది దాని నెత్తిమీది చుక్క. వ్యాకరణమున పండినవాడు గాని ఈ చుక్కను పెట్టజాలడు. రెండు సూత్రములు సమబలముతో తలపడినపుడు పరసూత్రమే చెల్లునని పాణిని విధించెను గదా. ముందుపుటలో బొటనవ్రేలంత అక్షరములతో వెలుగునది పూర్వసూత్రము. కడపటి పుటలో భూతద్దమునకు మాత్రమే కనబడునది పరసూత్రము. ఆ పరసూత్రము చెప్పునదేమనగా, పదియేండ్ల మాట కంప్రెసరున కొక్కదానికే. తక్కిన అవయవముల కన్నిటికిని ఒక్క యేడు. బల్బు, గాజుపలకలు, ప్లాస్టిక్ తొట్లు, తలుపు రబ్బరు తఱచుగా ఆ యేటికిని నోచుకొనవు. కంప్రెసరే మార్చవలసివచ్చినను గ్యాసు, కూలి, రవాణా, మెకానిక్కు వచ్చిపోవు ఖర్చు పలుచోట్ల కొన్నవాని నెత్తిమీదనే పడును. దేహము అశాశ్వతము, ఆత్మ నిత్యము అను వేదాంతరహస్యము ఇంత తేటగా మఱెచ్చటను జెప్పబడలేదు. మా యింటి ఫ్రిజ్జు మూడవ వేసవిలో పరమపదించినపుడు, దాని వెనుక చతికిలబడిన మెకానిక్కు తల పైకెత్తి, "కంప్రెసర్ మంచిగనే ఉన్నది సార్, బోర్డు కాలిపోయింది, బోర్డు వారంటీల రాదు" అని ఉపనిషద్వాక్యమువలె బలికెను. ఆత్మ చెక్కుచెదరలేదు. లోపల పాలు మాత్రము విఱిగినవి. కరెంటు హెచ్చుతగ్గులకు మొదట బలియగునది ఆ బోర్డేయని ప్రతి మెకానిక్కునకు దెలిసియుండగా, మొదట చెడు వస్తువునకు ఒక్కయేడును, కడపట చెడు వస్తువునకు పదియేండ్లును అభయమిచ్చుట ఏ ధర్మశాస్త్రమున గలదో చెప్పువారు లేరు.

పంచనక్షత్రాంకితము: దుకాణములో ఈ పదమునకు జెప్పు అర్థ మొకటి గలదు. "ఐదు స్టార్లున్నయ్ సార్, కండ్లు మూస్కొని తీస్కపోండ్రి." కండ్లు మూసికొనుట యందలి ఆవశ్యకత స్పష్టమే. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అను కేంద్రసంస్థ 2006లో ప్రారంభించిన ఈ నక్షత్రములు యంత్రము త్రాగు కరెంటును కొలుచునే గాని దాని ఆయుర్దాయమును గొలువవు. తక్కువ కరెంటుతో శీఘ్రముగా చచ్చు యంత్రమునకును అయిదు నక్షత్రములు దక్కవచ్చును. పైగా ఇవి ధ్రువనక్షత్రములు గావు. 2022 జూలైలో ఏసీల పట్టికను ఒక మెట్టు బిగించినపుడు, అంతవఱకు అయిదింట వెలిగిన యంత్రము, పుణ్యము క్షీణించిన స్వర్గవాసివలె, నాలుగింటికి దిగెను. చీటీమీద ఆ నక్షత్రములు ఏ కాలమునకు చెల్లునో ముద్రించియే యుందురు. దుకాణదారు వ్రేలు సరిగా ఆ తావుననే ఆనియుండుట కేవలము కాకతాళీయము.

ఇంతకంటె గహనమైనది 43 అను సంఖ్య. ఏసీ యొక్క ఏటి సామర్థ్యమును లెక్కకట్టు పద్ధతిలో బయటి వేడిమిని 24 డిగ్రీలనుండి 43 డిగ్రీల వఱకు మాత్రమే పరిగణింతురు. యంత్రము ఏటికి 1600 గంటలు నడచునని భావింతురు. ఫ్రిజ్జు వెనుక రేకుమీద టీ అను ఆంగ్లాక్షరము చెక్కియుండుటను ఎవరైన చూచియుందురేని, అది ఉష్ణమండలమునకు గుర్తు. ఆ జాతి ఫ్రిజ్జు 16 మొదలు 43 డిగ్రీల వఱకు గల గదిలో సరిగా పనిచేయునని దాని తాత్పర్యము. అనగా శాస్త్రకారుల దృష్టిలో లోకము 43 డిగ్రీలకడ సమాప్తమగుచున్నది. రామగుండమునందును ఆదిలాబాదునందును మే మాసమున 45 దాటుట అపురూపము గాదు. ఇల్లు బయటికంటె చల్లగానుండు నందురేమో. రేకుల యింటిలో మధ్యాహ్నము అన్నము వండినవారి నడిగి పిమ్మట అట్లనుడు. గది వేడెక్కిన కొలదిని ఫ్రిజ్జు తన లోపలి వేడిమిని వెలికి ద్రోయజాలక, కంప్రెసరు విశ్రాంతి యెఱుంగక తిరుగుచుండును. పౌషమాసమున మఱల ఆదిలాబాదు రాత్రులు పది డిగ్రీలకు దిగువకు జాఱును. అప్పుడు గదియే చల్లబడుటచే, ఒకే థర్మోస్టాటు గల ఫ్రిజ్జు తృప్తినొంది కంప్రెసరును నిద్రపుచ్చును. ఫ్రీజరులోని మంచు మెత్తబడును. మన ఫ్రిజ్జులు ఇట్లు ఏటేట రెండు పొలిమేరలను దాటి, శాస్త్రమున లేని లోకములలో సంచరించి వచ్చుచుండగా, వానికి బొంబాయి, బెంగుళూరులలోని ఫ్రిజ్జులతో సమానముగా నక్షత్రము లంటించి పంపుటయే పంచనక్షత్రాంకితమను సమాసమునకు ఫలితార్థము. దేశమునకు వెలుగునిచ్చు 2600 మెగావాట్ల విద్యుత్కేంద్రము రామగుండముననే యుండుట ఇందులకు ఏమియు దోడ్పడదు. వోల్టేజి 230కి అటునిటు నూటికి ఆఱుపాళ్ళు మించి చలింపరాదని నియమమున్నను, సాయంకాలము అన్ని కూలర్లును ఒక్కమాఱు తిరుగనారంభించునపుడు ట్యూబులైటు ఆ నియమమును గూర్చి యేమనుకొనుచున్నదో మినుకుమినుకుమని చెప్పుచునే యుండును.

సామాన్య గృహవినియోగము: ఏది సామాన్యము? గోదావరిఖనిలో, మందమఱ్ఱిలో, బెల్లంపల్లిలో గనినుండి షిఫ్టు దిగివచ్చినవాని బట్టలలోని బొగ్గుపొడిని బోరునీటితో ఉతుకుట వాషింగు మెషీనునకు సామాన్యమా, అసామాన్యమా? కఠినజలమున హీటరుమీద పేరుకొను సున్నపుపొర వినియోగదారుని అజాగ్రత్త యగునా, భూగర్భమున దోషమగునా? నడివేసవిలో ఇరుగుపొరుగువారి నీళ్ళ బాటిళ్ళన్నియు మన ఫ్రిజ్జులో చేరుట మా వాడకట్టున బంధుత్వమునకు లక్షణము. కార్డులో మాత్రమది వాణిజ్యమని శంకింపబడునేమో. సందేహము గలచోట దయగల పక్షమునే గ్రహింపవలెనని టీకాకారుల సంప్రదాయము. సర్వీసు సెంటరులో ఆ సంప్రదాయము నడువదు.

అసలు బిల్లు: ఇది గ్రంథమునకు ప్రాణము. ఆ బిల్లును దుకాణమువారు వేడిచే నల్లబడు పూత పూసిన పలుచని కాగితముమీద ముద్రింతురు. అది ఎండకు, ఉక్కకు క్రమముగా వెలిసిపోవును. భద్రముగా నుండునని ప్లాస్టిక్ కవరులో దాచినచో మఱింత శీఘ్రముగా వెలియును. పదియేండ్ల వాగ్దానమునకు రెండు వేసవులైన నిలువని సాక్ష్యము! ఈ సందర్భమున కరీంనగరము జిల్లా గంగాధర మండలములోని కురిక్యాల శాసనము స్మరణకు వచ్చుచున్నది. పాఠకులు క్షమింపవలెను, దానిని దాటి పోలేను. వేములవాడ చాళుక్యప్రభువు రెండవ అరికేసరి ఆస్థానమున కన్నడ ఆదికవిగా వెలిగిన పంపని తమ్ముడు జినవల్లభుడు బొమ్మలగుట్టమీద దీనిని చెక్కించెను. పదవ శతాబ్ది నాటిది. ఒకే బండమీద సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును గలవు. తెలుగుభాగమున కందపద్యములు గలవు. అనగా నన్నయకు ఇంచుమించు నూఱేండ్లకు ముందే మన సీమలో కందము రాతికెక్కియుండెను. అన్నకు రాజిచ్చిన ధర్మవుర మను అగ్రహారమును గూర్చి అందు తమ్ముడు మురిసికొనుచు జెప్పెను. మన భాషకు 2008లో ప్రాచీనహోదా లభించుటకు చూపిన సాక్ష్యములలో ఇదియు నొకటి. వేయి వేసవుల యెండ, వేయి వర్షర్తువుల వాన ఆ గుట్టమీద బడినవి. అక్షరము లింకను చదువనగును. పైన చక్రేశ్వరియు జినమూర్తులును, క్రింద పద్యములును గల ఆ బండ కెదుట నిలిచినవానికి గడియారము జ్ఞప్తికి రాదు. శాసనకర్తలకు మఱియొక తెలివియు గలదు: దానశాసనముల చివర, ఇచ్చినదానిని అపహరించినవానికి అఱువదివేలేండ్లు పురుగై పుట్టుమను శాపము నుంచెడివారు. ఆ శాపము ఇచ్చిన మాట దప్పినవానికి దగులును. వారంటీ కార్డు చివరనున్న శాపములన్నియు పుచ్చుకొన్నవానికి దగులును. ఇంతకును ఫ్రిజ్జు మాట మఱచితిని. బిల్లును ఆనాడే సెల్‌ఫోనులో ఫోటో తీసి దాచుకొనవలెనని చెప్పబోయి ఇంతదూరము వచ్చితిని.

తాత్పర్యము: నక్షత్రములు, సంవత్సరములు, గాజుతలుపుమీది పూవులు ఇవన్నియు అర్థవాదములు. మీమాంసాశాస్త్రమున అర్థవాదమనగా స్తుతి, దానికి విధించు శక్తి లేదు. విధివాక్యములు కార్డులో లేవు గనుక మూలమున లేకున్నను నేనే వ్రాయుచున్నాను. మీ యూరిలో ఆ కంపెనీ యంత్రమును విప్పి బిగింపగల మనిషి యున్నాడా, బోర్డును మోటారును వరంగల్లుకో హైదరాబాదుకో పోకుండ దొరకునా, బోర్డునకు ఎన్నేండ్ల వారంటీ, గ్యాసు ఖర్చెవరిది, వెనుకరేకుమీద ఏ అక్షరమున్నది: ఈ ప్రశ్నలను దుకాణమున నడుగుడు. దుకాణదారు సమాధానము చెప్పుటకు బదులు ఉచితముగా ఇస్త్రీపెట్టె యిత్తు ననునేని, బయటికి నడువుడు. జగిత్యాలలోనైనను నిర్మలులోనైనను పాత బజారున స్టూలుమీద కూర్చుండి మోటార్లకు తీగ చుట్టు మెకానిక్కును ముందుగా నడిగినచో, ఏ యంత్రములు తన కొట్టుకు తఱచుగా వచ్చుచున్నవో, ఏవి రానేరావో అతడు చెప్పును. అతని అనుభవమునకు నక్షత్రములు లేవు. నేను మాత్రము దానినే ప్రమాణముగా గ్రహింతును.

కార్డు అట్టడుగున, వివాదములన్నియు ఫలానా మహానగర న్యాయస్థానములకే లోబడునని యొక పంక్తి సాధారణముగా నుండును. దానిని జూచి భయపడి బీరువామీద మఱల పెట్టివేయువా రనేకులు. 2020 జూలై 20 నుండి అమలునకు వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము ప్రకారము, కొన్నవాడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. వస్తువు వెల అయిదు లక్షలు మించనిచో రుసుము లేదు. కారణము పుట్టిన రెండేండ్లలోపల చేయవలెను. ముందుగా 1915కు ఫోను చేసియు చెప్పుకొనవచ్చును. కరీంనగరమునందును ఆదిలాబాదునందును జిల్లా కమిషనులు గలవు.