మంచె మీద వారాంతం

దంపతులు కలిసి పెరటితోట పెంచడం, సైకిల్ తొక్కడం, అడవిలో గుడారం వేసి రాత్రి గడపడం ఉత్తమ జీవనశైలి అని నగరాలు ఇప్పుడిప్పుడే కనుగొంటున్నాయి గానీ, ఈ మూడింటినీ రుసుము లేకుండా ఏనాటి నుంచో ఆచరిస్తున్న పినపాక మండలపు కోయ దంపతులకు ఆ కీర్తి ఇంకా దక్కలేదు. వారి పెరట్లో చిక్కుడు, సొర పాదులు పాకుతాయి. సంతకు సైకిలే వాహనం. పంట చేతికొచ్చే వేళ అడవిపందులను తరుముతూ, గుంజల మీద కట్టిన కావలి పందిరైన మంచె పైనే రాత్రులు గడుస్తాయి. వేసవిలో తెల్లవారకముందే విప్పపూల సేకరణ, ఆపై బీడీలకు వాడే తునికాకు కోత ఉంటాయి. అయితే నగరపు జంట చెట్టు కింద నిద్రిస్తే పర్యావరణ పర్యాటకమనీ, అడవి కొట్టి కాల్చి చేసే పోడు సాగును నమ్ముకున్న జంట అక్కడే నిద్రిస్తే ఆక్రమణ అనీ దస్త్రాలు పేర్లు పెడతాయి. జంటల విషయంలో చట్టం మాత్రం వెనుకబడలేదు: 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమికి నాలుగు హెక్టార్ల పరిమితితో ఇచ్చే హక్కుపత్రాన్ని భార్యాభర్తలిద్దరి పేరిట ఉమ్మడిగా నమోదు చేయాలని 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఆదేశించింది. కాకపోతే గుడారపు జంటకు అద్దె రసీదు ఒక్కటి చాలు. మంచె మీది జంట మాత్రం తాము అక్కడే ఉన్నట్టు నిబంధనల ప్రకారం ఒకటికి మించిన సాక్ష్యాలు చూపవలసి ఉంటుంది.