రావణుడు చంపబడెను

రావణాసురుడు రామాయణంలో ఒక్కసారే చచ్చాడు. ఇంగ్లీషు మీడియం అయిదో తరగతిలో అతగాడికి ఆ సుఖం కూడా లేదు. సోమవారం యాక్టివ్ వాయిస్‌లో రాముడు చంపుతాడు. మంగళవారం పాసివ్ వాయిస్‌లో రాముడి చేత చంపబడతాడు. బుధవారం స్లిప్ టెస్టు. పదేళ్ల పిల్లలు రెండు పేర్లనూ అటూ ఇటూ మార్చి, నడుమ ‘వాజ్ కిల్డ్ బై’ని నట్టు బిగించినట్టు బిగించి ఇచ్చేస్తారు. పదికి పది. వాళ్లలోనే ఒకణ్ణి లేపి, నిన్న సాయంత్రం ఏం ఆడావని ఇంగ్లీషులో అడిగి చూడండి. వాడు చేతులు కట్టుకుని, మేడమ్ వంక ఒకసారి చూసి, ‘ఎ నౌన్ ఈజ్ ద నేమ్ ఆఫ్ ఎ పర్సన్, ప్లేస్, యానిమల్ ఆర్ థింగ్’ అని గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతాడు.

భాష రాకుండా దాని వ్యాకరణం రావడమంటే మాటలా? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నారు పెద్దలు. మనం ఆ సోమలింగానికి ప్రోగ్రెస్ కార్డు కూడా ఇచ్చేశాం, గ్రామర్‌లో ఎ ప్లస్.

ఒక్క వాక్యం మాత్రం బడిలో ప్రతి పిల్లవాడి నోట్లోంచీ సాఫీగా వస్తుంది: ‘మే ఐ గో టు టాయిలెట్ మేడమ్’. దీనికి ఎవరూ సూత్రం చెప్పలేదు, ఖాళీలు పూరించమనలేదు. అవసరం పడింది, నోరు తిరిగింది. ఈ కిటుకు మీద ఏ విద్యాశాఖా ఇంతవరకూ కమిటీ వేసినట్టు లేదు.

ఆర్టికల్స్ పాఠం దగ్గరికొద్దాం. ఏ, ఈ, ఐ, ఓ, యూ అనే అయిదక్షరాల ముందు ‘యాన్’, తక్కినవాటి ముందు ‘ఎ’ అని బోర్డు మీద రాస్తారు. పిల్లవాడు బుద్ధిమంతుడు, చెప్పింది చెప్పినట్టు పాటిస్తాడు. యూనివర్సిటీ స్పెల్లింగు యూతోనే మొదలవుతుంది కదా, ‘యాన్ యూనివర్సిటీ’ అని రాస్తాడు. గంటను చెప్పే ‘అవర్’కి ముందు హెచ్ కనిపిస్తోంది కదా, ‘ఎ అవర్’ అని రాస్తాడు. రెండింటికీ ఎర్ర సిరాతో ఇంటూ మార్కు. ‘ఇవి ఎక్సెప్షన్స్, బట్టీ పట్టు’ అంటారు. అవి ఎక్సెప్షన్లు కానే కావు. ఆ నియమం అక్షరానిది కాదు, శబ్దానిది. పైకి పలికితే ఒకటి యకారంతో మొదలవుతుంది, రెండోదాంట్లో హకారం వినపడదు. ఆ రెండు మాటల్నీ తెలుగు లిపిలో బోర్డు మీద రాసినా చాలు, యూ, అ అని గుట్టంతా బయటపడుతుంది. కానీ ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు రాయకూడదు. ఇంగ్లీషు పలకడమా, అది పరీక్షలో రాదు. చెవితో తేల్చుకోవాల్సినదాన్ని కంటితో తేల్చమంటే పాపం వాడు మాత్రం ఏం చేస్తాడు?

తెలుగు మాట్లాడితే ఫైను. ఇంగ్లీషు మాట్లాడ్డం రాదు. కాబట్టి క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది. దాన్ని హెడ్‌మాస్టరుగారు డిసిప్లిన్ అంటారు. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక స్కూలువాళ్లు మరో అడుగు ముందుకేసి, తెలుగులో మాట్లాడిన పిల్లల మెడలో, ఇక మాట్లాడబోమని ఇంగ్లీషులో రాసిన పలకలు వేలాడదీశారు. బహుశా ఆ యేడు పిల్లలు చదివి అర్థం చేసుకున్న మొదటి ఇంగ్లీషు వాక్యం అదే అయ్యుంటుంది.

మన గ్రామర్ పుస్తకాలన్నింటికీ తాతగారు రెన్ అండ్ మార్టిన్. 1930లలో వచ్చింది. ఇండియాలో ఉన్న బ్రిటిష్ అధికారుల పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసిందని ప్రతీతి. అంటే అమ్మ ఒళ్లో ఇంగ్లీషు నేర్చుకుని, ఆయాతో ఇంగ్లీషులో పోట్లాడి బడికొచ్చినవాళ్లన్నమాట. మన చిన్నయసూరి బాలవ్యాకరణమూ అంతే (అందులో బాలలెవరో ఇప్పటికీ పెద్దలకు అంతుపట్టలేదు, అది వేరే సంగతి). సూత్రం చదివి తెలుగు నేర్చుకున్నవాడు లేడు. మూడేళ్ల పిల్ల ‘ఏమంటావ్?’ అని తాతను నిలదీస్తుంది, ఇత్వసంధి వచ్చి కాదు.

అలాగని పాసివ్ వాయిస్ పనికిరాదని నేననను. పెద్దయ్యాక సర్కారు కొలువొస్తే కూడుపెట్టేది అదే. ‘ఉత్తర్వులు జారీ చేయడమైనది’. ‘నిధులు విడుదల చేయబడును’. ‘ఖాళీలు భర్తీ చేయబడును’. రావణుడి కేసులో ‘బై రామా’ అని రాయకపోతే మార్కు పోతుంది. ఇక్కడ ఆ ‘బై’ రాయకపోవడంలోనే ఉంది పనితనం. 2019 నవంబరు 5న ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి నుంచి ఎనిమిది వరకూ ఇంగ్లీషు మీడియం చేయబడింది, జీవో 81 ద్వారా. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు చేత కొట్టివేయబడింది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు మాత్రం పంచబడ్డాయి. తెలంగాణ సర్కారు బడుల్లో 2022లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టబడింది. 2023లో ఆంధ్రలో మూడో తరగతి పిల్లలకే టోఫెల్ తర్ఫీదు ప్రకటించబడింది. ఇన్ని చేయబడినవాటి మధ్య, తెలుగు మీడియంలోనే చదువుకుని, గైడు పట్టుకుని నాలుగు క్లాసులు ఒకే గదిలో లాక్కొచ్చే టీచరమ్మకు ఇంగ్లీషు మాట్లాడే అలవాటు ఎప్పుడు చేయబడిందో ఏ జీవోలోనూ లేదు. ఆవిడను చూసి నవ్వడానికి నాకు నోరు రాదు.

ఇంకో దారి మనకు తెలియక కాదు. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన మన పొరుగునే, బెంగళూరు, మద్రాసు బడుల్లో, గ్రామర్ సూత్రాలు పక్కనబెట్టి పిల్లల చేతికి మ్యాపులూ రైళ్ల టైంటేబుళ్లూ ఇచ్చి, వాటి మీద ఇంగ్లీషులో లెక్కలు తేల్చమన్నారు. ప్రపంచమంతా ఇంగ్లీషు టీచర్లకు ఆ ప్రయోగం గురించి పాఠం చెబుతారు. దాన్ని మా కాలనీ స్కూల్లో ఒక నెల పెట్టారనుకోండి. పేరెంట్స్ మీటింగులో మొదటి వరసలోంచి ఒకావిడ నోట్‌బుక్కు పైకెత్తి అడుగుతుంది.

‘నెలయింది సార్, ఒక్క పేజీ నిండలేదు. క్లాసులో ఊరికే మాట్లాడిస్తున్నారట?’

‘సారీ మేడమ్, రేపట్నుంచి ఆపించేస్తాం.’