కత్తి పోయిన పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన మల్లినాథ సూరి మన మెదక్ దగ్గరి కొల్చారం వాడు. కలం పట్టేముందు రెండు ఒట్లు పెట్టుకున్నాడు: ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. మొదటి ఒట్టు నాకూ శిరోధార్యమే. రెండోది పాటిస్తే ఈ వ్యాసం ఇక్కడితో సరి.

స్థలం అమెరికా, జార్జియా రాష్ట్రం, అట్లాంటా నగరం. ఆ పేరు వినగానే మనవాళ్లకు ఆల్ఫరెటాలోనో కమ్మింగ్‌లోనో ఉన్న చుట్టాలు గుర్తుకొస్తారు. కానీ ఏటా జూన్‌లో అక్కడికి వేరే తెగ యాత్రికులు దిగుతారు. బ్లేడ్ షో అని మూడు రోజుల కత్తుల సంత. చేత్తో కత్తులు చేసేవాళ్లు బల్లలు వేసుకుని కూర్చుంటారు; సేకరించేవాళ్లు తలుపులు తెరవకముందే బారులు తీరతారు. ఒక్కో కత్తి వెనక రోజుల పని, ఒక్కోసారి వారాల పని. ధర వందల డాలర్లలో మొదలై వేలల్లోకి పాకుతుంది. ఇలాంటి సంతల్లో, అది ఏ ఊళ్లోదైనా సరే, అప్పుడప్పుడూ జరిగే దుర్ఘటనే ఈ పద్యానికి వస్తువు. కవి పేరు అడగొద్దు. కవీ వ్యాఖ్యాతా ఒకే కుర్చీలో కూర్చుని రాసిన కృతి ఇది.

మూలం (ఆటవెలది)

బల్లపైన కత్తి పదిమంది చూడఁగా
మాయమాయె నొక్క మాటలోన
అడుగువాఁ డొకండు అందుకొను నొకండు
వెదకి వగచువాఁడు వేఱొకండు

ప్రతిపదార్థం

బల్లపైన = మడతకాళ్ల బల్ల మీద, గుడ్డ పరిచి, వరసగా పేర్చిన చోట. "పెట్టెలోన" అని కవి ఎందుకు అనలేదు? గణాలకు అదీ సరిపోతుంది కదా అని విమర్శకులు అడగవచ్చు. కవికి వ్యాపారం తెలుసు కనుక. అద్దాల పెట్టెలో పెట్టి తాళం వేస్తే కత్తి భద్రంగానే ఉంటుంది, సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది, మర్నాడూ అక్కడే ఉంటుంది. పట్టుచీరను మడత విప్పకుండా అమ్మగలిగే కొట్టు ఉంటే, కత్తిని చేతికివ్వకుండా అమ్మే బల్లా ఉంటుంది. పిడి అరచేతిలో ఎలా కుదురుకుంటోంది, బరువు ముందుకు తూగుతోందా వెనక్కి తూగుతోందా, మడతకత్తి అయితే బొటనవేలి తోపుకు ఎంత నునుపుగా తెరుచుకుంటోంది, తెరిచాక కదలకుండా బిగుస్తోందా? ఇవేవీ కంటికి తెలిసేవి కావు. చెయ్యి అడిగే ప్రశ్నలకు చేతికే జవాబు చెప్పాలి. అందుకే బల్లపైన.

కత్తి = కత్తి. (ఇక్కడ మల్లినాథుడు ఆగేవాడు.)

ఏ కత్తి అన్నదే అసలు సంగతి. 1953లో బాబ్ లవ్‌లెస్ అనే నావికుడు న్యూయార్క్‌లోని ఒక పేరుమోసిన కొట్టుకు వెళ్లి, ఫ్లోరిడాలో బో రాండల్ చేసే కత్తి ఒకటి కావాలన్నాడు. తొమ్మిది నెలలు ఆగాలన్నారు. ఆయన ఆగలేదు. పాత సామాన్ల దొడ్లో పడివున్న ప్యాకార్డ్ కారు స్ప్రింగు ముక్క ఒకటి సంపాదించి తానే కత్తి చేసుకున్నాడు. ఆ ఆగలేని మనిషే తర్వాత అమెరికా కత్తులవాళ్లందరికీ గురుపీఠం అయ్యాడు. 2010లో కన్నుమూశాడు. ఆయన ముద్ర ఉన్న కత్తి దొరకాలంటే ఇప్పుడు వేల డాలర్లు లెక్కపెట్టాలి. తర్వాతి తరాల్లో వేటకత్తులు చేసిన ఎందరో ఆయన గీసిన గీతనే దిద్దారు.

ఇంకొకాయన బిల్ మోరన్. 1973లో కత్తులవాళ్ల గిల్డ్ ప్రదర్శనకు డమాస్కస్ కత్తులు పట్టుకొచ్చాడు. రెండు రకాల ఉక్కు పొరలు పేర్చి, కాల్చి, సమ్మెటతో అతికించి, మడిచి, మళ్లీ అతికించి చేసినవి. ఇప్పటివాళ్లు 1084 అనే ఉక్కునూ, నికెల్ కలిసిన 15ఎన్20నూ ఎక్కువగా జతచేస్తారు. పూర్తయ్యాక ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచితే మొదటిది నల్లబడుతుంది, నికెల్ ఉన్నది తెల్లగా మెరుస్తూ ఉండిపోతుంది, అలల గీతలు తేలతాయి. డమాస్కస్ అన్న పేరు అరువుది. ప్రాచీనులు డమాస్కస్ అన్న కత్తుల్లో అలలు పొరలు అతికిస్తే వచ్చినవి కావు. మూసలో కరిగించిన ఉక్కులోనే పుట్టినవి. ఆ ఉక్కు చేసిన ఊళ్లలో మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి ముద్దలు కొనుక్కుపోయేవారు. 1820లలో వాయిసీ అనే దొర ఆ కొలుములు చూసి రాసిపెట్టాడు. ఆ వర్తకులు డబ్బిచ్చి తీసుకెళ్లారని ఇక్కడ ప్రత్యేకంగా గమనించాలి.

మోరన్ 1976లో అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ స్థాపనకు మూలపురుషుడయ్యాడు. ఆ సంఘంలో బిరుదు కావాలంటే పరీక్ష ఉంది. మన కత్తితో, వేలాడే అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెంపాలి. ఒక చెక్కదూలాన్ని రెండుసార్లు అడ్డంగా నరికి తెంపాలి. నరికిన ఆ వాదరతోనే చేతి మీది వెంట్రుకలు గొరగాలి. చివరికి దాన్నే వైస్‌లో బిగించి తొంభై డిగ్రీలు వంచాలి, విరగకూడదు. ఇన్ని అగ్నిపరీక్షలకు తట్టుకునే కత్తి, ఒక జేబులోకి జారడానికి మాత్రం ఏ అభ్యంతరమూ చెప్పదు.

పదిమంది చూడగా = జనం చుట్టూ మూగి ఉండగా. పదిమంది చూస్తున్నది పదకొండో కత్తిని అని అన్వయించుకోవాలి.

మాయమాయె = కనబడకుండా పోయింది. క్రియ ఉంది, చేసినవాడు లేడు. వ్యాకరణం కూడా నిందితుణ్ణి తప్పించింది.

ఒక్క మాటలోన = ఒక ప్రశ్నకు జవాబు చెప్పేంతలో. ఆ ప్రశ్న ఏమిటో మూలంలో లేదు గానీ సంప్రదాయం తెలిసినవాళ్లు ఊహించగలరు: "ఇది ఏ ఉక్కండీ?" కత్తులు చేసేవాణ్ణి ఇది అడగడమంటే కవిని "ఈ పద్యం ఎలా పుట్టింది సార్" అని అడగడమే. ఎంత వేడిలో కాల్చాడు, ఏ నూనెలో ముంచాడు, తర్వాత సన్నసెగన ఎన్ని గంటలు కాచాడు, కాఠిన్యం రాక్‌వెల్ కొలతలో 59 వచ్చిందా 60 వచ్చిందా, 61 దాకా వెళ్లకుండా ఎందుకు ఆపాడు... ఇదంతా ఆయన లెక్కలో ఒక్క మాటే.

అడుగువాడు ఒకండు = ప్రశ్న వేసే పెద్దమనిషి. అందుకొను ఒకండు = మాట సాగుతుండగా బల్ల రెండో చివర చెయ్యి చాపేవాడు.

ఇక్కడ పండితులు కవిని పట్టుకుంటారు. "ఒకండు" తర్వాత "అందుకొను" వచ్చింది, ఉత్వసంధి నిత్యం, చెయ్యలేదు, విసంధి దోషం అని. అయ్యా, దోషం కాదు, అదే పద్యానికి ప్రాణం. ఆ ఇద్దరూ ఒకరికొకరు తెలియనట్టు నటించాలి. ఒకడు ఈ చివర, ఒకడు ఆ చివర. వాళ్ల మధ్య సంధి ఉందని పైకి కనిపిస్తే పని చెడుతుంది. కవి వాళ్లను పక్కపక్కనే నిలబెట్టి, కలపకుండా వదిలేశాడు. సంధి హాలు బయట, కార్లు పెట్టే చోట జరుగుతుంది.

వెదకి = గుడ్డ ఎత్తి చూసి, బల్ల కింద పెట్టెలు తెరిచి, ఒరలన్నీ తడిమి, పక్క బల్లవాణ్ణి "మీకు పొరపాటున ఏమైనా ఇచ్చానా?" అని అడిగి. దొంగతనం అన్న ఆలోచన చివరికి గానీ రాదు. అనుభవజ్ఞులు అందుకే కత్తులను కొలిచినట్టు సమాన దూరంలో పేరుస్తారు, ఖాళీ ఏర్పడితే పన్ను ఊడినట్టు వెంటనే కనబడాలని. ఇద్దరు మనుషులు కూర్చుంటారు. రాత్రి బల్ల మీద గుడ్డ కప్పి పోకుండా, అన్నీ మూటగట్టి హోటల్ గదికి మోస్తారు. ఒక్కడే వచ్చినవాడు మాత్రం ఏదో ఒక వేళ పక్కకు వెళ్లిరాక తప్పదు. ప్రకృతి పిలుపుకు కాపలా ఉండదు.

వగచువాడు = చేసినవాడు. వేఱొకండు = ఎప్పుడూ వేరొకడే.

తాత్పర్యం

కత్తి పోయింది.

విశేషాలు

మన సాహిత్యంలో చోరులకు లోటు లేదు. మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేయబోతూ, ఏ ఆకారంలో వెయ్యాలా అని శాస్త్రచర్చ చేస్తాడు, కొలతాడు మరిచివచ్చానని జంధ్యంతో కొలుస్తాడు. దండి దశకుమారుల్లో ఒకడైన అపహారవర్మ దొంగతనాన్ని విద్యగానే నడిపాడు. కేతన ఆ కథను 13వ శతాబ్దంలోనే తెలుగు చేశాడు. వీళ్లకు గోడలున్నాయి, తాళాలున్నాయి, కావలివాళ్లున్నారు, అందుకే విద్య అవసరమైంది. మన పద్యంలోని దొంగకు గోడ లేదు. యజమానే కత్తిని పిడివైపు తిప్పి, చిరునవ్వుతో చేతికిస్తాడు. కన్నం వెయ్యాల్సిన చోటు ఆయన మర్యాద ఒక్కటే.

శంక: అంతమంది కత్తులవాళ్లున్న హాలులో దొంగకు భయం వెయ్యదా? సమాధానం: వెయ్యదు. ఆ హాలంత మెత్తని మనుషులున్న చోటు తక్కువ. అడగనిదే ఎవరూ కత్తి ముట్టరు. ముట్టినా అలుగు మీద వేలు పెట్టరు, ఎందుకంటే కార్బన్ ఎక్కువున్న ఉక్కుకు చెమట విషం. వేలిముద్ర పడిన చోట తుప్పు మొదలవుతుంది. ఎంత జాగ్రత్తపడ్డా వేలు తగలకపోదు కనుక, ప్రతి సందర్శకుడూ కత్తి తిరిగి ఇచ్చాక చేసినవాడు మెత్తటి గుడ్డ తీసి, తల వంచి, వాడి వేలిముద్రలు ఓపిగ్గా తుడుస్తాడు. ఆ తల వంచిన క్షణమే అవతలివాడికి కావలసింది. దొంగా వేలిముద్రలు వేస్తాడు గానీ, కత్తితో పాటే పట్టుకుపోతాడు.

అలంకారం ఏమిటంటే విరోధాభాసం అనుకోవచ్చు, నేను పట్టుబట్టను.

ఎత్తుకుపోయాక దొంగ గతి ఏమిటన్నది మూలంలో లేదు, అయినా చెప్పాలి. పిడి దగ్గర, వాదర పెట్టని చదును చోట చేసినవాడి ముద్ర ఉంటుంది. ఆ ముద్రకే డబ్బు. ఉంచితే దొరికిపోతాడు, అరగదీస్తే ధర పోతుంది. ముద్ర పోయినా డమాస్కస్ అలలు రెండు కత్తుల్లో ఒక్కలా రావు, పిడి చెక్కలోని ఈనెలూ రావు. ముందే తీసిపెట్టుకున్న ఫొటో పక్కన పెడితే చాలు. లవ్‌లెస్‌లాగే ఇతడూ ఆగలేనివాడే. ఆయనకు కారు స్ప్రింగు కనబడింది, ఇతడికి పక్కవాడి బల్ల కనబడింది.

పాఠాంతరం

కొన్ని ప్రతుల్లో నాలుగో పాదం ఇలా ఉంది: "వెదకి కొనెడివాఁడు వేఱొకండు". గణాలు సరి, యతి సరి. అర్థమే తలకిందులు. నేను మొదట దీన్ని లేఖక ప్రమాదం అనుకుని కొట్టేయబోయాను, కానీ కొట్టేయడం న్యాయం కాదు. దొంగకు కత్తుల మీద ప్రేమ ఉండాల్సిన పని లేదు. ప్రేమ ఉన్నవాడొకడు ఎక్కడో ఉంటే చాలు. లవ్‌లెస్ కత్తులూ, చీటీలు వేసి పేరు వచ్చినవాడికే అమ్మే గిరాకీ మడతకత్తులూ సగం ధరకు దొరుకుతున్నాయంటే, ఎందుకు దొరుకుతున్నాయో ఆ ప్రేమికుడికి తెలియక కాదు. ఫొటో తీసి, చేసినవాడికి పంపి, "ఇది మీరు ఎవరికి అమ్మారు?" అని అడిగితే తేలిపోయే సంగతి. అలా అడగకుండా కొన్నవాడి కోసమే ఈ పాఠాన్ని అచ్చులో ఉంచుతున్నాను.